నాతో ఎవరికేం పని

ఒంటరితనం మాట ఎత్తగానే మన వాళ్ళు రెండు కారణాలు చెబుతారు, ఒకటి సెల్‌ఫోన్, రెండోది పట్నం. ఫోన్ వచ్చాక మనుషులు మాట్లాడుకోవడం మానేశారని, పట్నంలో పక్క ఫ్లాటులో ఎవరున్నారో కూడా తెలియదని, మన ఊళ్ళలో మాత్రం పలకరింపులు ఇంకా మిగిలే ఉన్నాయని. నేనుండేది పర్లాకిమిడిలో. ఒడిశాలో గజపతి జిల్లాకి హెడ్‌క్వార్టర్ ఇది, మహేంద్రతనయ ఒడ్డున ఉన్న ఊరు, సరిహద్దు దాటితే ఆంధ్రాలో పాతపట్నం. ఇక్కడ పలకరింపులకి కొదవ లేదు, వీధిలోకి వెళ్తే కనిపించిన ప్రతివాళ్ళూ "ఏం బాబూ, బాగున్నావా" అంటారు. అయినా ఒంటరివాళ్ళు ఇక్కడ ప్రతి వీధిలోనూ ఉన్నారు. వాళ్ళలో చాలామందికి ఫోన్ సరిగ్గా పట్టుకోవడం కూడా రాదు, కాబట్టి తప్పంతా ఫోన్ మీద వేసేస్తే నేనొప్పుకోను.

ఇది డబ్బున్న దేశాల జబ్బు అనేవాళ్ళు కూడా ఉన్నారు. 2025 జూన్ 30న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయం మీద ఒక నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారట, దాని వల్ల ఏడాదికి దాదాపు 8 లక్షల 71 వేల మంది చనిపోతున్నారని వాళ్ళ అంచనా, అంటే గంటకి 100 మంది. నన్ను ఆపేసిన లెక్క మాత్రం వేరే ఉంది. పేద దేశాల్లో ఒంటరిగా ఉన్నామని చెప్పినవాళ్ళు దాదాపు 24 శాతం, ధనిక దేశాల్లో 11 శాతం. రెట్టింపు కంటే ఎక్కువ. ఉమ్మడి కుటుంబాలు, ఇరుగుపొరుగు, పండగలు, చుట్టాలు అని మనం దేన్ని చూసి ధైర్యంగా ఉన్నామో అది మనల్ని కాపాడటం లేదు. ఇంకో మాట, ముసలివాళ్ళకంటే కుర్రవాళ్ళే ఎక్కువగా ఒంటరిగా ఉన్నామని చెప్పారు, 13 నుంచి 29 ఏళ్ళ మధ్య వాళ్ళలో 17 నుంచి 21 శాతం.

నేను చాలాకాలంగా చూస్తూ, ఆలోచిస్తూ తేల్చుకున్నది చెబుతాను. చుట్టూ జనం ఉన్నా మనిషి ఒంటరివాడు అవుతాడు, తనతో ఎవరికీ పని లేకుండా పోయినప్పుడు అవుతాడు. ఆ పని లేకుండా చేసేది బయటివాళ్ళు ఎవరో కాదు, మనమే, అదీ చాలాసార్లు ప్రేమగా, "మీరు కూర్చోండి, మేం చూసుకుంటాం కదా" అని చెప్పి మరీ చేస్తాం.

నాది జెరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు. ఆధార్ సవరణలు, కుల సర్టిఫికెట్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, పెన్షన్ కాగితాలు. ఊళ్ళో ఎవరి పరిస్థితి ఎలా ఉందో ఇలాంటి షాపులో కూర్చుంటే తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు. నవంబరు నెల వస్తే రిటైరైన వాళ్ళందరూ లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, బతికే ఉన్నామని ప్రభుత్వానికి చెప్పుకోవాలి. 2014కి ముందు బ్యాంకుకో ట్రెజరీకో స్వయంగా వెళ్ళి సంతకం పెట్టేవాళ్ళు. ఆ ఏడాది నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది, వేలిముద్రతో మా షాపుల్లోనే అయిపోయేది. 2021లో ఫోన్ కెమెరాతో ముఖం చూపించి ఇంట్లోంచే ఇచ్చే సదుపాయం కూడా వచ్చింది. మంచం దిగలేని వాళ్ళకి ఇది దేవుడిచ్చిన వరం, అందులో నాకు రెండో మాట లేదు. కానీ నడవగలిగే వాళ్ళ సంగతి చూడండి. నవంబరులో బ్యాంకు వరండా అంటే పాత మాస్టర్లకి, కరెంటు ఆఫీసు వాళ్ళకి, కోర్టు గుమాస్తాలకి అది సంవత్సరానికోసారి వచ్చే సంబరం. ఎవరు పోయారు, ఎవరికి కళ్ళ ఆపరేషన్ అయింది, ఎవరి మనవరాలు ఎక్కడ చదువుతోంది, డీఏ ఎంత పెరిగింది, అన్నీ అక్కడే తేలేవి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని వచ్చేవారు. ఇప్పుడు కొడుకు సెలవుకి వచ్చినప్పుడు తండ్రి ముఖం ముందు ఫోన్ పెట్టి "నాన్నా, కళ్ళు ఒకసారి మూసి తెరవండి" అంటాడు, రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. ఏడాదికోసారి ఆయన ఖచ్చితంగా ఇల్లు కదలాల్సిన పని ఒకటి ఉండేది, అది కూడా పోయింది.

మాది సరిహద్దు కాబట్టి ఇంకో తేడా కూడా కళ్ళ ముందే కనిపిస్తుంది. పాతపట్నం వైపు ఒకటో తారీఖున పెన్షన్ ఇంటికే వస్తుంది, 2024 జూలై నుంచి వృద్ధులకి నెలకి 4,000. మా వైపు ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పెన్షన్, 2008లో మొదలైంది, 15వ తారీఖున పంచాయతీ ఆఫీసు దగ్గర ఇవ్వడం ఆనవాయితీ. ఆంధ్రా డబ్బు ఎక్కువ, గుమ్మంలోకి వస్తుంది, ఆ పద్ధతి మానేయమని నేనెందుకంటాను. అయితే 15వ తారీఖున మా చుట్టుపక్కల పంచాయతీలకి వెళ్ళి చూడండి. పొద్దున్నే ముసలమ్మలు కొంగున కార్డు కట్టుకుని వచ్చి చెట్టు కింద కూర్చుంటారు. డబ్బు చేతికొచ్చాక కూడా వెంటనే లేవరు. ఒకరి వక్క ఇంకొకరు అడుగుతారు, ఒకరి కోడలి మీద ఇంకొకరు తీర్పు చెబుతారు, మధ్యాహ్నం దాకా అక్కడే. వాళ్ళకి ఆ రోజు పని మీద బయటికి వెళ్ళిన రోజు. నాకు తెలిసిన ఒకావిడకి కూతురు ఉండేది పాతపట్నం వైపు, ఆవిడ నాతో అన్నది, "మా పిల్లకాడ ఉంటే అన్నీ గుమ్మంలోకే వస్తాయి బాబూ, ఇంక నాతోటి ఎవులికేటి పనుంది."

ఆ మాట నాకు అలాగే నిలబడిపోయింది. ఆవిడకి తిండి లోటు లేదు, కూతురు బాగా చూసుకుంటుంది, మనవలు ఇంట్లోనే ఉన్నారు. మనం ఒంటరితనం అనుకునే లెక్కల్లో ఆవిడ ఎక్కడా రాదు.

పెద్దవాళ్ళ దగ్గర్నుంచి పని ఎలా జారిపోతుందో గమనిస్తే అన్ని ఇళ్ళల్లోనూ ఒకటే వరస. మొదట బజారు పని తీసేస్తాం, ట్రాఫిక్ అని. తర్వాత డబ్బు లెక్కలు తీసేస్తాం, ఏటీఎం, ఫోన్‌పే వాళ్ళకి రావని. తర్వాత వంట, కళ్ళు కనబడటం లేదని. తర్వాత పెళ్ళిళ్ళకి వెళ్ళడం, ప్రయాణం పడదని. చివరికి ఇంట్లో జరిగే విషయాలు చెప్పడం కూడా మానేస్తాం, "ఎందుకు ఆవిడకి టెన్షన్" అని. ఇందులో ఒక్కటి కూడా చెడ్డ ఉద్దేశంతో చేసింది ఉండదు, ఒక్కొక్కటి విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది. అన్నీ కలిపి చూస్తే మాత్రం ఒక మనిషిని ఇంట్లో ఉంచుకునే ఇంటి లెక్కలోంచి తీసేశాం.

పలకరిస్తే చాలు కదా, వారానికోసారి వెళ్ళి కాసేపు కూర్చుంటే చాలు కదా అనుకోవచ్చు. అమెరికాలో 1976లో రిచర్డ్ షుల్జ్ అనే పరిశోధకుడు ఇదే పరీక్షించాడు. వృద్ధాశ్రమంలో ఉన్నవాళ్ళ దగ్గరికి కాలేజీ పిల్లల్ని పంపించాడు. ఎప్పుడు రావాలో, ఎంతసేపు ఉండాలో పెద్దవాళ్ళే చెప్పుకున్న గుంపు, ఎప్పుడొస్తారో ముందే తెలిసిన గుంపు, ఈ రెండూ బాగా కోలుకున్నాయి. ఎవరో ఎప్పుడో అకస్మాత్తుగా వచ్చి వెళ్ళే గుంపుకి, అసలు ఎవరూ రాని గుంపుకి పెద్ద తేడా కనబడలేదు. తర్వాత పరిశోధన అయిపోయింది, పిల్లలు రావడం ఆగిపోయింది. కొంతకాలానికి మళ్ళీ వెళ్ళి చూస్తే, ముందు ఏ గుంపులు కోలుకున్నాయో అవే బాగా దిగజారాయి. మనం దసరాకి ఒకసారి, పుట్టినరోజుకి ఒకసారి ఆశ్రమాలకి వెళ్ళి పళ్ళు పంచి ఫొటోలు దిగి వచ్చేస్తాం చూడండి, దాని గురించి నాకు ఈ పరిశోధన చదివినప్పటి నుంచి భయం పట్టుకుంది.

ఇంకో పరిశోధన 2003లో వచ్చింది. స్టెఫనీ బ్రౌన్ అనే ఆవిడ, ఇంకొందరు కలిసి మిచిగన్ రాష్ట్రంలో 423 వృద్ధ దంపతుల్ని ఐదేళ్ళ పాటు గమనించారు. ఇతరుల నుంచి సాయం అందుకోవడం వల్ల వాళ్ళ ఆయుష్షు పెరిగినట్టు కనబడలేదు, చుట్టుపక్కల వాళ్ళకి, చుట్టాలకి, స్నేహితులకి తాము సాయం చేసినవాళ్ళు మాత్రం తక్కువగా చనిపోయారు. ఓపిక ఉన్నవాళ్ళే సాయం చేయగలరు కదా, అందుకే బతికారేమో అని అడగొచ్చు, నేనూ అదే అనుకున్నాను. ఆరోగ్యం తేడాలని కూడా లెక్కలోకి తీసుకున్నాకే వాళ్ళు ఆ మాట చెప్పారు. మన ఇళ్ళల్లో మనం పెద్దవాళ్ళకి చేస్తున్నది సరిగ్గా దీనికి తలకిందులు, అందుకోవడం పెంచుతాం, ఇవ్వడం మొత్తంగా ఆపేస్తాం.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాని అతలాకుతలం చేసింది. కొండ ఊళ్ళల్లో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు, టౌన్లో చెట్లు, స్తంభాలు పడిపోయి కరెంటు లేదు, బోరు మోటార్లు ఆగిపోయాయి. మా వీధిలో పాత బావి ఉన్న ఇల్లు ఒక్కటే. ఆ ఇంటి పెద్దాయన్ని అంతకుముందు ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు, పండగకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ రోజుల్లో ఆయన వీధికి పెద్ద అయిపోయాడు. చేద బావిలో పడిపోతే పాతాళగరిగె వేసి తీయడం ఆయనకొక్కడికే తెలుసు. కుర్రాళ్ళని నిలబెట్టి తాడు ఎలా పట్టాలో, వరస ఎలా కట్టాలో, చంటిపిల్లల ఇళ్ళకి ముందు నీళ్ళు ఎలా పంపాలో చెప్పేవాడు, గట్టిగా కేకలు కూడా వేసేవాడు. ఆయన గొంతు అంత పెద్దదని మాకెవరికీ తెలియదు. కరెంటు వచ్చింది, మోటార్లు తిరిగాయి, మళ్ళీ ఎవరిళ్ళల్లో వాళ్ళు. తుఫాను రావాలని ఎవడూ కోరుకోడు, నేనూ కోరుకోను, కానీ ఆయన దగ్గర ఉన్న పనితనం ఆ రోజు కొత్తగా పుట్టలేదు కదా, మనం అడగలేదు, అంతే.

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న ఉంది, దాన్ని తప్పించుకుంటే నా వాదనకి విలువ లేదు. పని ఉంటే ఒంటరితనం పోతుందంటే, మన ఊళ్ళల్లో తరతరాలుగా అందరికంటే ఎక్కువ పని చేసినవాళ్ళ సంగతేమిటి? డప్పు లేకుండా అమ్మవారి సంబరం జరగదు, శవం లేవదు. ఆ డప్పు వాయించేవాళ్ళని ఏ బంతిలో కూర్చోబెట్టారు? ఊరు మొత్తం తిన్నాక, విడిగా, దూరంగా. టీ కొట్టులో వాళ్ళకి వేరే గ్లాసు. 1950లో రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది, 1955లో చట్టం వచ్చింది, 1989లో ఇంకా గట్టి చట్టం వచ్చింది, అయినా గ్లాసు మారడానికి ఎన్నేళ్ళు పట్టిందో, ఎక్కడెక్కడ ఇంకా పూర్తిగా మారలేదో ఊళ్ళల్లో తిరిగేవాళ్ళకి తెలుసు. అందుకే "ఆ రోజుల్లో అందరం కలిసి ఉండేవాళ్ళం" అని ఎవరైనా అన్నప్పుడు నాకు మండుతుంది. ఆ 'అందరం'లో ఎవరెవరు ఉన్నారో లెక్క చెప్పమని అడగాలనిపిస్తుంది. ఆ రోజుల్లో ఒంటరితనం తక్కువ ఉండి ఉండదు, అది వీధుల వారీగా పంచిపెట్టి ఉండేది.

విధవరాళ్ళ సంగతీ ఇంతే. మా పెద్దమ్మ చిన్న వయసులోనే భర్తని పోగొట్టుకుంది. మా ఇళ్ళల్లో ఏ పెళ్ళి జరిగినా వారం ముందు నుంచి ఆవిడ చేతి మీదుగానే అరిసెలు, సున్నుండలు, పచ్చళ్ళు. తెల్లవారుజామున అందరికంటే ముందు లేచేది ఆవిడే. తీరా పసుపు కొట్టే వేళకి, మంగళస్నానాల వేళకి ఆవిడ ఎక్కడుండేదో ఎవరికీ తెలియదు, వెనక గదిలోనో పెరట్లోనో. ఎవరూ వెళ్ళమని చెప్పేవాళ్ళు కాదు, ఆవిడే తప్పుకునేది, చెప్పాల్సిన అవసరం లేకుండా ఊరు ముందే నేర్పేసింది. పేరంటాలకి బొట్టు పెట్టి పిలిచేవాళ్ళు మా ఇంటికి వస్తే ఆవిడని దాటుకుని మా అమ్మ దగ్గరికి వెళ్ళేవాళ్ళు. ఒకే గుమ్మంలో ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి ఉంటే ఒకరికి పిలుపు, ఒకరికి లేదు. ఆవిడకి పని లేకనా ఒంటరిదైంది?

కాబట్టి నా మాటని సరిచేసి చెబుతాను. మనిషితో పని ఉండాలి, ఆ పని చేసిన మనిషి అదే బంతిలో పక్కన కూర్చోవాలి. రెండూ కావాలి. పని చేయించుకుని బంతిలోంచి తీసేస్తే అది వెలి, బంతిలో పెద్దపీట వేసి పని లేకుండా చేస్తే అది కూడా మెల్లగా వెలిలాంటిదే అవుతుంది. మొదటిదాని క్రూరత్వం రెండోదానిలో లేదు, ఈ రెండింటినీ ఒకే త్రాసులో పెట్టడం అన్యాయం, ఆ మాట గట్టిగానే చెబుతున్నాను. కానీ రాత్రిపూట పడుకున్నప్పుడు "నేను లేకపోతే ఎవరికేం లోటు" అనే ప్రశ్న రెండు చోట్లా వస్తుంది.

మా అక్క కూతురి పెళ్ళిలో పసుపు కొట్టేటప్పుడు మొదటి రోకలి పెద్దమ్మే పట్టుకోవాలని మా అక్క పట్టుబట్టింది. ఇంట్లో పెద్ద గొడవ. అపశకునం అన్నారు, మగపెళ్ళివారు ఏమనుకుంటారో అన్నారు, మా మేనత్త ఒకావిడ ఏడ్చేసింది. అందరికంటే ఎక్కువగా వద్దన్నది పెద్దమ్మే, "పిల్ల బతుకు బాగుండాలి, నానెందుకు తల్లీ" అని చేతులు జోడించింది. అక్క వినలేదు. చివరికి పెద్దమ్మ రోకలి పట్టుకుంది, చేతులు వణికాయి, రెండు పోట్లు వేసి పక్కవాళ్ళకి ఇచ్చేసింది. ఇద్దరు చుట్టాలు భోజనం చేయకుండా వెళ్ళిపోయారు, వాళ్ళు ఇప్పటికీ మా ఇంటికి సరిగ్గా రారు. అంతా సర్దుకుపోయిందని అబద్ధం చెప్పను. అయితే ఆ తర్వాత మా వీధిలో ఒక ఇంట్లో సీమంతానికి పెద్దమ్మని కూడా బొట్టు పెట్టి పిలిచారు. ఆవిడ వెళ్ళింది.

కుర్రవాళ్ళ దగ్గరికి వస్తాను. మా పక్క జిల్లా గంజాం నుంచి లక్షల మంది సూరత్ మగ్గాల మీద పనికి వెళ్తారు, ఇది దేశమంతా తెలిసిన విషయం. తెలుగు పిల్లలు అటు వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, హైదరాబాదు, విశాఖ, చెన్నై వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. పవర్‌లూమ్ మీద 12 గంటల షిఫ్టు, మెస్‌లో ఒకే పడక మీద పగలు ఒకరు, రాత్రి ఒకరు. పక్కన మనిషి లేని క్షణం ఉండదు, అయినా అక్కడి నుంచి వచ్చిన కుర్రాళ్ళు మాట్లాడేది వింటే గుండె బరువెక్కుతుంది. 2020 మే మొదట్లో సూరత్ నుంచి గంజాంకి శ్రామిక్ రైళ్ళు వచ్చినప్పుడు వాళ్ళని స్కూళ్ళల్లో క్వారంటైన్‌లో పెట్టారు. జబ్బు సమయం, అది అవసరమే. కానీ గడువు అయిపోయి ఇంటికి వచ్చాక కూడా కొన్ని ఊళ్ళల్లో వాళ్ళని బావి దగ్గరికి రానివ్వలేదని, కొట్టువాడు డబ్బు చేత్తో తీసుకోలేదని మా షాపుకి వచ్చిన పిల్లలే చెప్పారు. ఏళ్ళ తరబడి ఆ చేతులు పంపిన డబ్బుతోనే ఆ ఊళ్ళల్లో స్లాబులు పడ్డాయి, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు అయ్యాయి. కరోనా పోయాక కూడా ఒక కుర్రాడు అన్న మాట ఇది, "ఇంట్లో నాతో మాట్లాడేది డబ్బు గురించే అన్నా, ఇల్లు ఏ వైపు కట్టాలో కూడా నన్నడగలేదు." అతనితో పని ఉంది, అతని జేబుతో ఉంది. ఇంటి వాస్తు నుంచి చెల్లెలి సంబంధం దాకా ఒక్క నిర్ణయంలోనూ అతని మాట లేదు. సెలవుకి వచ్చిన పిల్లాడికి కోడి కోసి పెడతాం, నిద్ర లేపకుండా పడుకోనిస్తాం, చుట్టం కంటే ఎక్కువగా చూస్తాం, ఇంటివాడిగా మాత్రం చూడం.

భాష విషయం కూడా ఒకటి ఉంది, మాకే ప్రత్యేకమైనది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు మేం ఇటువైపు వచ్చాం. ఇళ్ళల్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, ఇప్పుడు పిల్లలకి ఇంగ్లీషు మీడియం. మనవడికి తెలుగు మాట్లాడటం వస్తుంది, చదవడం రాదు, నాయనమ్మకి తెలుగు తప్ప ఇంకేమీ రాదు. హోంవర్కులో ఆవిడ పనికిరాదు, బ్యాంకు ఫారంలో మనవడి సాయం లేకుండా సంతకం పెట్టలేదు. మూడు భాషల ఇంట్లో ఆవిడ ఒక్క భాషతో మిగిలిపోయింది. దీనికి రాజకీయ వాదనలు చాలా ఉన్నాయి, వాటి జోలికి ఇప్పుడు పోను.

ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయంటే, బ్రిటన్ 2018 జనవరిలో ఒంటరితనానికి ఒక మంత్రిని పెట్టింది. జపాన్ 2021 ఫిబ్రవరిలో పెట్టింది, అక్కడ 2024 ఏప్రిల్ నుంచి దీనికో చట్టం కూడా అమల్లోకి వచ్చింది. మన దేశంలో పెద్దవాళ్ళకి 14567 ఎల్డర్‌లైన్ ఉంది, మానసికంగా కుంగిపోయినవాళ్ళకి 14416 టెలిమానస్ ఉంది, ఈ రెండు నంబర్లు నా షాపు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను, మీరూ రాయించండి. అయినా నాకు బాగా నచ్చిన పని జింబాబ్వేలో జరిగింది. దేశం మొత్తానికి మానసిక వైద్యులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. 2006లో డిక్సన్ చిబాండా అనే డాక్టరు హరారే నగరంలో 14 మంది నాయనమ్మల వయసు ఆడవాళ్ళకి శిక్షణ ఇచ్చి ఆసుపత్రి ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టాడు. కుంగిపోయి ఉన్నవాళ్ళు వచ్చి వాళ్ళతో మాట్లాడతారు. 2016లో దీన్ని పెద్ద ఎత్తున పరీక్షిస్తే మామూలు వైద్యం అందుకున్నవాళ్ళకంటే ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్ళు బాగా కోలుకున్నారని తేలింది. ఆ ముసలమ్మలకి ఎవరూ ఆశ్రమం కట్టించలేదు, పళ్ళు పంచలేదు. బాధలో ఉన్నవాళ్ళకి సాయం చేయమని అడిగారు.

మనకి ఇది కొత్త కూడా కాదు. పర్లాకిమిడిలో మాస్టారుగా పని చేసిన గిడుగు రామమూర్తి గారిని మనం వ్యావహారిక భాష కోసం తలుచుకుంటాం, ఆగస్టు 29న దండ వేస్తాం. ఆయన చేసిన ఇంకో పని నాకు అంతకంటే పెద్దదిగా కనిపిస్తుంది. కొండల మీద నుంచి దిగి వచ్చే సవర గిరిజనుల్ని టౌను కట్టెల మోపుల కింద, అడవి సరుకు కింద చూసేది. ఆయన వాళ్ళ ముందు విద్యార్థిగా కూర్చున్నాడు, వాళ్ళ భాష తనకి నేర్పమన్నాడు, తన డబ్బుతో వాళ్ళకి బడులు పెట్టాడు. 1931లో సవర భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. సవరలు అన్నం పెట్టమని అడగలేదు, ఆయన జాలి పడి వదిలేయలేదు, వాళ్ళ దగ్గర మాత్రమే ఉన్నదాన్ని అడిగి తీసుకున్నాడు. గజపతి జిల్లా కొండల్లో ఇప్పటికీ సవరలే ఎక్కువ, సంతరోజు టౌనుకి వస్తారు, నా షాపుకి కూడా వస్తారు, వాళ్ళ భాషలో ఒక్క ముక్క మాట్లాడగలిగిన కొట్టువాడు బజారులో ఎంతమంది ఉన్నారో చూస్తే దండలు వేసే అర్హత మనకి ఉందా అనిపిస్తుంది.

బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. నగర దేవత బుఢీ ఠాకురాణి పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు ఎవరిదో తెలుసా? దేశి బెహరా వీధిలో తెలుగు మాట్లాడే దేరా నేతవాళ్ళది. ఎప్పుడో మగ్గాలతో వలస వచ్చిన వాళ్ళు, ఆ కుటుంబం పెద్ద దేశి బెహరా లేకుండా ఒడియా నగరంలో అమ్మవారి పండగ మొదలవదు, అమ్మవారు ఆ ఇంటి ఆడపడుచు. పని ఇచ్చారు, చుట్టరికం కూడా ఇచ్చారు. ఇది ఏ కమిటీ తీర్మానంతోనూ జరిగింది కాదు, పాతకాలం వాళ్ళకి మంచి పని చేయడం కూడా వచ్చని ఒప్పుకోవాలి. ఆ యాత్రలో ఎవరెవరికి చోటు ఉంది, ఎవరికి లేదు అని అడిగితే దాంట్లోనూ లోపాలు దొరుకుతాయి, అయినా వలస వచ్చినవాళ్ళని కలుపుకోవడానికి ఇంతకంటే లోతైన పద్ధతి నేను చూడలేదు.

నేను చేస్తున్నది చాలా చిన్న పని. షాపు బయట ఒక బెంచీ, ఒక టేబులు వేసి, రిటైరైన మాస్టర్లని పొద్దున పూట వచ్చి ఫారాలు నింపిపెట్టమని అడిగాను. తెలుగు మాత్రమే వచ్చినవాళ్ళకి ఒడియా ఫారం అర్థం కాదు, వీళ్ళకి రెండూ వచ్చు. మొదట్లో కొడుకులు ఒప్పుకోలేదు, "మా నాన్నని జెరాక్స్ షాపులో కూర్చోబెడతారా" అని ఒకాయన నా మీదకి వచ్చాడు, పెద్దాయనే అతన్ని ఆపాడు. బావి ఇంటి ఆయన కూడా వస్తాడు, ఆయనకి ఒడియా రాయడం రాదు, ఎవరికి ఏ ఫారం కావాలో అడిగి వరసలో కూర్చోబెడతాడు. సవర ఊళ్ళ నుంచి ఇంటర్ చదివే ఒకమ్మాయి సంతరోజు వచ్చి మాట తర్జుమా చేస్తుంది, ఆ అమ్మాయికి నేను డబ్బు ఇస్తాను, మాస్టర్లు వద్దన్నారు కాబట్టి వాళ్ళకి ఇవ్వను. ఒక మాస్టారు కొండ ఊళ్ళవాళ్ళ పక్కన కూర్చోవడానికి ఇష్టపడక మానేశాడు. వెళ్ళి బతిమాలలేదు.

గుణుపూర్, కాశీనగర్, రాయగడ, బరంపురం వైపు ఎవరైనా ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే నాకు తెలిసిన జాగ్రత్తలు ఇవి. వారానికి ఏ రోజు, ఎన్ని గంటలు రావాలో పెద్దవాళ్ళనే చెప్పనివ్వండి, మీరు గంటలు పెట్టకండి. తప్పు రాస్తే వాళ్ళ ముందే కాగితం లాక్కోకండి, ఇంకో ఫారం ఇవ్వండి. కళ్ళజోడు లేక ఆగిపోయేవాళ్ళు చాలామంది ఉంటారు, ముందు అది చూపించండి. రాని రోజు ఎందుకు రాలేదని ఫోన్ చేసి అడగండి, రాకపోతే పని ఆగిపోయిందని చెప్పండి, నిజంగా ఆగిపోతుంది కూడా. బెంచీ ఒక్కటే వేయండి, రెండు వేస్తే ఎవరెక్కడ కూర్చుంటారో మన ఊళ్ళు వెంటనే తేల్చేస్తాయి. టీ తెప్పిస్తే అందరికీ ఒకే రకం గ్లాసుల్లో తెప్పించండి, కొట్టువాడు వేరుగా పంపితే వెనక్కి పంపండి.